మైదా జిగురుతో కట్టిన పీఎస్ఎల్‌వీ

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా పోస్టర్లు ఇప్పటికీ చేత్తోనే అంటిస్తున్నారు. మొన్నొక రోజు తెల్లవారుజామున ఊరి నుంచి వచ్చి అక్కడ బస్సు దిగాను. గోడ పక్కన ఒక కుర్రాడు బకెట్లో చీపురు ముంచి, పైనుంచి కిందికి ఒక్క ఊపులో జిగురు పూస్తున్నాడు. ఉడికిన మైదా వాసన, కాస్త పులిసింది కూడా. ఆటో వాడు రెండుసార్లు పిలిచినా కదలకుండా అక్కడే నిలబడ్డాను.

ఆ వాసన తగిలితే నాకు సినిమాలు గుర్తుకు రావు. మా బడి వరండా గుర్తుకొస్తుంది. 44 మీటర్ల పీఎస్ఎల్‌వీ రాకెట్‌ని పదో వంతుకు కుదించి, పాత పేపర్లతో, వెదురు బద్దలతో, మైదా జిగురుతో మేం కట్టిన రోజులు గుర్తుకొస్తాయి.

మాది సూళ్ళూరుపేట. అప్పుడు నెల్లూరు జిల్లా. శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధవన్ గారి పేరు పెట్టింది 2002లో. మా చిన్నప్పుడు అది షార్, అంతే. "మా నాయన షార్‌లో చేస్తాడు" అని ఎవడైనా అంటే క్లాసులో వాడికి ఒక హోదా. తెల్లవారగానే షార్ బస్సులు వరసగా బయలుదేరేవి. పులికాట్ సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు మీదుగా కోటకు పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవి. మా అవ్వ ఆ బస్సుల శబ్దం వినే పాలు పొయ్యి మీద పెట్టేది. ఒక్కోరోజు వాటికి సెలవుంటే మా ఇంట్లో అందరికీ కాఫీ ఆలస్యమే.

రాకెట్ వదిలే రోజు మాత్రం వేరు. ముందుగా షార్ పెద్దలు చెంగాళమ్మ గుడికి వచ్చి పూజ చేయించుకుని పోయేవాళ్ళు. ఆ కార్లు చూడగానే ఊరంతా తెలిసిపోయేది. టైముకి మేడలున్న వాళ్ళు మేడల మీద, లేనివాళ్ళు చెరువు కట్ట మీద. తూర్పున చెట్ల పైనుంచి ఒక నిప్పు ముద్ద లేచేది, శబ్దం లేకుండా. అదే విచిత్రం. అంత మంట కళ్ళెదుట పైకి పోతున్నా చెవికి ఏమీ వినపడదు. చూస్తూ చూస్తూ ఉండగా, ఓ నిమిషం తర్వాత, నేల లోపలి నుంచి ఉరుము మొదలయ్యేది. కిటికీ అద్దాలు గడగడలాడేవి. వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవి. అప్పటికి రాకెట్ ఎక్కడో దక్షిణం వైపు వంగిపోయి తెల్లటి గీతగా మిగిలేది.

*

1993 సెప్టెంబర్ 20, సోమవారం. పీఎస్ఎల్‌వీ మొదటిసారి ఎగిరిన రోజు. ఆ ఒక్క తేదీ మాత్రం మా వయసు వాళ్ళెవరూ మరిచిపోలేదు. బడిలో మమ్మల్ని గ్రౌండులోకి వదిలారు. నిప్పు ముద్ద లేచింది, ఉరుము వచ్చింది, చప్పట్లు కొట్టాం, లోపలికి పోయి తెలుగు పద్యం అప్పజెప్పాం. మధ్యాహ్నానికి ఊళ్ళో మాట మారిపోయింది. "సముద్రంలో పడిపోయిందంట."

మోటార్లు అన్నీ బాగానే పనిచేశాయని, రెండో దశ విడిపోయే దగ్గర రాకెట్ అదుపు తప్పిందని, సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు దొర్లిందని తర్వాతెప్పటికో పేపర్లో చదివాం. ఆ రోజు మాకు తెలిసింది మాత్రం సాయంత్రం బస్సులు దిగిన వాళ్ళ మొహాలే. మామూలుగా బస్సు దిగి టీ అంగడి దగ్గర నిలబడి గోల చేసేవాళ్ళు, ఆ రోజు తలలు వంచుకుని నేరుగా ఇళ్ళకు పోయారు.

ఆ వారంలోనే మా సైన్స్ సారు క్లాసుకు వచ్చి, నెల్లూరులో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌కి పీఎస్ఎల్‌వీ మోడల్ చేద్దామన్నాడు. క్లాసులో నవ్వు. వెనక బెంచీ నుంచి ఎవడో, "సారూ, పడిపోయిన దాన్నా?" అన్నాడు.

సారు కోప్పడలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద చిన్న రాకెట్ గీశాడు. "ఇది ఎస్ఎల్‌వీ-3. 22 మీటర్లు. 1979 ఆగస్టులో ఇదీ సముద్రంలో పడింది. మరుసటి ఏడు జూలై 18న పైకి పోయింది." పక్కన దానికి రెండింతల ఎత్తులో ఇంకో రాకెట్ గీసి, దాని మొదట్లో చుట్టూ గొట్టాలు అతికించాడు. "పీఎస్ఎల్‌వీకి పక్కన ఆరు మోటార్లున్నాయే, ఒక్కొక్కటీ ఆ పాత ఎస్ఎల్‌వీ మొదటి దశే. ఒకప్పుడు పడిపోయిన దాన్ని ఆరు చేసి దీని చుట్టూ కట్టినారు. ఇప్పుడు చెప్పండి, ఎవరెవరు వస్తారు?"

ఇంచుమించు అందరూ చేతులెత్తారు. ఎత్తిన వాళ్ళలో చివరిదాకా నిలిచింది ఓ పది మందిమి.

*

మొదటి రోజు రాకెట్ కట్టలేదు, కొలిచాం. సారు గ్రౌండులో ఒక మేకు కొట్టి, దానికి మీటరూ నలభై సెంటీమీటర్ల తాడు కట్టి, చుట్టూ సున్నంతో వలయం గీయించాడు. అసలు రాకెట్ నడుము అంత లావు, 2.8 మీటర్లు. అందులో నిలబడమన్నాడు. తోసుకుంటూ, కాళ్ళు తొక్కుకుంటూ మా సెక్షన్‌లో సగం మందిమి పట్టాం. తర్వాత జెండా కర్ర దగ్గర నుంచి 144 అడుగులు టేపుతో కొలిచాం. అది బావి దాటి, ఆడపిల్లల సైకిళ్ళ షెడ్డు దాటి, ప్రహరీ గోడ దాకా పోయింది. "ఇంత పొడుగుదాన్ని నిలబెట్టి, మూడు వందల టన్నుల దగ్గర బరువుదాన్ని, పైకి ఎగరేస్తారు," అన్నాడు సారు. నేను నేల మీద సున్నం గీత వెంట చూస్తూ ఆ చివర నిలబడ్డవాడు ఎంత చిన్నగా కనిపిస్తున్నాడో చూశాను.

పదో వంతు అంటే లెక్క తేలిక. ఎత్తు 4.4 మీటర్లు. నడుము 28 సెంటీమీటర్లు. పక్క మోటార్లు 10 సెంటీమీటర్లు. పైన ఉపగ్రహాన్ని కప్పే హీట్ షీల్డ్ 32 సెంటీమీటర్లు, అంటే తల నడుము కన్నా లావు. నడుము చుట్టుకొలత ఎంతరా అంటే ఇరవై రెండు బై ఏడు వేసి 88 అని అందరం ఒకేసారి అరిచాం. అంగట్లో దొరికే చార్ట్ పేపరు పొడుగు వైపు కొలిస్తే 71. ఒక షీటు చుట్టూ తిరగదు. అతుకు వేయాల్సిందే. అతుకు వేస్తే అక్కడే విరుగుతుంది. మాలో ఒకడి నాయన తాపీమేస్త్రీ. వాడు చాలా మామూలుగా, "వరస మార్చి అతకాల సారూ. కింద వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు," అన్నాడు. లెక్కల్లో ఎప్పుడూ పాస్ కాని వాడు.

*

ఊళ్ళో కాగితం పని, వెదురు పని తెలిసినవాళ్ళు అప్పుడు చాలామందే ఉండేవాళ్ళు. మేం వాళ్ళందరి దగ్గరికీ పోయాం.

పీర్ల పండగకి తాబూతులు కట్టే సాయిబు తాత ఒకాయన రైల్వే స్టేషన్ వైపు ఉండేవాడు. వలయాలు కావాలని అడిగితే మా మొహాలు చూసి, "ఏందిరా పిలకాయలూ, ఇది ఏ పండగకి?" అన్నాడు. రాకెట్ అన్నాం. అడ్డం చెప్పలేదు. పచ్చి వెదురు తెప్పించమన్నాడు. ఎండింది వంగదట. కత్తి మొన గణుపు మీద ఆనించి, వెనక నుంచి రాయితో ఒక్కటి కొడితే బొంగు నిట్టనిలువునా చీలిపోయేది. బద్దలు చిక్కేవి. బద్ద లోపలి వైపు తెల్లటి గుజ్జును గీకి పారేసి, చిన్న దీపం మంట మీద అటూ ఇటూ తిప్పుతూ, వేడెక్కిన చోట బొటనవేలితో నొక్కేవాడు. బద్ద ఒక్కో వేలు వెడల్పున వంగుతూ వచ్చేది. తొందరపడి ఒక్కసారిగా వంచితే చిట్లుతుంది. రెండు కొసలూ కలిసే చోట వాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడిపిన నూలు దారంతో చుట్టేవాడు. దారం ఎండేకొద్దీ బిగుస్తుంది.

వలయం తయారయ్యాక దాన్ని కొలవడు. గచ్చు మీద దొర్లిస్తాడు. అది తిన్నగా గోడ దాకా పోతే పక్కన పెట్టేవాడు. తూలితే మళ్ళీ దీపం దగ్గరికే. మేం స్కేలు తీసుకుని అడ్డంగా, నిలువుగా కొలిచి చూస్తే, ఆయన దొర్లించి సరేనన్న వలయాలు అన్నీ 28కి ఒక నూలు అటూ ఇటూగా ఉన్నాయి.

పక్క మోటార్లకి హార్డ్‌వేర్ అంగట్లో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క అరువు తెచ్చాం. దానికి పాలిథిన్ కాగితం చుట్టి, పైన న్యూస్‌పేపరు పొరలు పొరలుగా జిగురుతో వేసి, ఎండాక లాగేయడమే. పైపు బయటి కొలత పదకొండు సెంటీమీటర్లని సారుకి తెలుసు. "పోనీలేరా, మన మోటార్లు కొంచెం తిన్నాయి," అన్నాడు.

కష్టమైంది ముక్కు. బల్లపరుపు కాగితంతో కోన్ చేయాలి. కింద వెడల్పు 32, వాలు 48 అనుకున్నాం. వృత్తంలో ఎంత ముక్క కోయాలన్నది సారు బోర్డు మీద లెక్క కట్టాడు. 360ని 16తో గుణించి 48తో భాగిస్తే 120 డిగ్రీలు. మేం అర్థం కాక చూస్తుంటే, సారుకి ప్యాంటు కొలతలు తీసుకోవడానికి వచ్చిన టైలర్ బోర్డు వైపు ఓ చూపు చూసి, "ఇది గొడుగు లంగా కటింగే కద సారూ," అన్నాడు. జేబులోంచి సబ్బు ముక్క తీసి, మెడలోని టేపు ఒక కొస అదిమి పట్టి, చార్టు మీద రెండు విల్లులు గీసి, కత్తెర వేశాడు. చుట్టి చూస్తే అతుకు కోసం వదిలిన రెండు సెంటీమీటర్లతో సహా కుదిరింది. సారు ఆ రోజు తన లెక్క బోర్డు మీద చెరపకుండా పక్కన "అదే" అని రాశాడు.

*

జిగురు మా మామయ్య ఇంట్లో కాసేవాళ్ళం. మామయ్య బోర్డులు రాసే ఆర్టిస్టు. ఎన్నికలొస్తే గోడలు, మామూలు రోజుల్లో అంగళ్ళ బోర్డులు, లారీల వెనక బొమ్మలు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద డేగిసా పెట్టి అత్తయ్య మైదా కలిపేది. చల్లటి నీళ్ళలో ముందు కలుపుకుని, అప్పుడు మరిగే నీళ్ళలో పోస్తూ, ఆపకుండా తిప్పాలి. ఒక్క క్షణం ఆపితే ఉండ కడుతుంది. చిక్కబడి, గరిటె మీద నుంచి జారేటప్పుడు అద్దంలా మెరిసిందంటే దించేయాలి. చివర చిటికెడు మైలుతుత్తం. లేకపోతే బొద్దింకలు, ఎలుకలు రాకెట్‌ని రెండు రాత్రుల్లో నాకేస్తాయని మామయ్య. దించాక పెద్ద ఎర్ర అట్ట మీద "విషం" అని రాసి డేగిసా మీద పెట్టేది అత్తయ్య. దాన్ని మళ్ళీ వంటకి వాడలేదు. ఆ డేగిసా పోయిందన్న లెక్క మాత్రం చాలా ఏళ్ళు చెప్పింది.

కాగితం ఎక్కడిది? ఇళ్ళలోని పాత న్యూస్‌పేపర్లు వారంలో అయిపోయాయి. అప్పుడు సారు బీరువా తెరిచి పాత క్వార్టర్లీ జవాబు పత్రాల కట్టలు తీశాడు. దాంతో పనికి కొత్త ఊపు వచ్చింది. ఎవడి పేపరు వాడు వెతుక్కుని, లోపలి పొరలో, మార్కులు ఎవరికీ కనపడకుండా, జిగురు రెండింతలు పూసి అంటించడం. నా లెక్కల పేపరు మూడో దశలో ఉంది. ఇంకొకడు తన హిందీ పేపరు ముక్కలు చేసి ఆరు మోటార్లకీ సమానంగా పంచాడు. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది. ఆమె తన పేపరు కనపడేటట్టు పైపొరలో వేయమంది. సారు దాని మీద కూడా చార్టు అంటించేశాడు.

ఇంతలో వానలు. మా వైపు అసలు వానాకాలం దసరా దాటాకే. తుఫాను పట్టిందంటే నాలుగైదు రోజులు ఎండ పొడ ఉండదు. జిగురు పూసిన గొట్టాలు ఆరవు. ముట్టుకుంటే జిగటగా, లోపలంతా బూజు వాసన. సగం కట్టిన కింది దశ ఒక పక్కకి కుంగిపోవడం మొదలైంది. అప్పుడు వాచ్‌మన్ ఒక కుంపటిలో బొగ్గులు రాజేసి, పైన ఇనుప జల్లెడ బోర్లించి, గొట్టాన్ని దాని మీద అడ్డంగా తిప్పుతూ ఆరబెట్టే ఏర్పాటు చేశాడు. ఒకడు తిప్పాలి, ఒకడు నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన ఉండాలి. లోపలికి వేడి పోవడానికి ఒక బల్బు తీగ కట్టి గొట్టంలోకి దించేవాళ్ళం. సాయంత్రం కరెంటు ఉన్నంతసేపూ వరండాలో రెండు మీటర్ల కాగితపు గొట్టం లోపలి నుంచి వెలుగుతూ ఉండేది. పొరల్లోంచి పాత పేపరు అక్షరాలు తిరగబడి కనిపించేవి.

*

షార్‌లో పనిచేసే వాళ్ళ అబ్బాయి ఒకడు మాతో ఉన్నాడని సారు మొదట చాలా ఆశ పెట్టుకున్నాడు. మా చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే, పేపర్లో వచ్చిన నలుపు తెలుపు ఫొటో. రంగులేంటో తెలియదు. "మీ నాయన్ని అడగరా" అంటే వాడు మరునాడొచ్చి, "ఆఫీసు సంగతులు ఇంట్లో అడగొద్దన్నాడు సారూ," అనేవాడు. షార్ వాళ్ళంతా అంతే. పక్కింటివాళ్ళకి కూడా తాము ఏ విభాగంలో చేస్తారో చెప్పేవాళ్ళు కాదు.

మాలో చాలామందికి రాకెట్ అంటే కింద రెక్కలుండాలి. బొమ్మల పుస్తకాల్లో అన్నింటికీ ఉంటాయి. ఎస్ఎల్‌వీకీ ఉన్నాయి. ఫొటోలో పీఎస్ఎల్‌వీకి కనపడటం లేదు. రెక్కలు పెట్టాలని ఓ జట్టు, వద్దని ఓ జట్టు. అట్టతో నాలుగు రెక్కలు కోసి కూడా పెట్టుకున్నారు.

ఒక రాత్రి, పని ముగించి లైట్లు ఆర్పబోతుంటే ఆ అబ్బాయి నాయన స్కూటర్ వరండా ముందు ఆగింది. కొడుకుని తీసుకుపోవడానికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి, నేల మీద పడుకోబెట్టి ఉన్న మా రాకెట్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి వచ్చి, గొంతుకూర్చుని, కింది దశ పక్కన వేలు పెట్టి, "ఇక్కడ రెండు సన్న ట్యాంకులు రావాల. మర్చిపోయినారు," అన్నాడు.

సారు మెల్లగా అడిగాడు, అవి దేనికని. ఆయన కాస్త తటపటాయించి చెప్పాడు. వాటిలో స్ట్రాన్షియం పెర్‌క్లోరేట్ ద్రావణం ఉంటుందట. దాన్ని మొదటి దశ నాజిల్‌లోకి ఒక పక్క నుంచి చిమ్మితే, బయటికి వచ్చే మంట ఆ మేరకు వాలుతుంది, రాకెట్ దిక్కు మారుతుంది. అందుకే దానికి రెక్కలు అక్కర్లేదు. "ఇవి పుస్తకాల్లో ఉన్నవే," అని తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత ఇంకాసేపు కూర్చున్నాడు. ఘన ఇంధనం, ద్రవం, మళ్ళీ ఘనం, మళ్ళీ ద్రవం అని నాలుగు దశలూ వేలితో చూపించాడు. రెండో దశ దగ్గర వేలు ఆగింది. "దీన్లో వికాస్ ఇంజన్. బ్రహ్మాండంగా పనిచేసింది ఆ రోజు," అన్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. లేస్తూ, నేను అడగకుండానే నా వైపు తిరిగి, "తెలుపు. మధ్యలో ఇటుక రంగు పట్టీ," అని చెప్పి వెళ్ళిపోయాడు.

పాత క్యాలెండర్లు చుట్టి ఆ రెండు ట్యాంకులూ మరునాడే చేశాం. కోసి పెట్టిన రెక్కలు వాచ్‌మన్ కూతురు విసనకర్రలుగా పట్టుకుపోయింది.

*

రంగు పని మామయ్యది. ఆదివారం పొద్దున్నే సైకిల్ వెనక డబ్బాలు కట్టుకుని వచ్చాడు. "ఎవురూ చెయ్యి పెట్టబాకండి, చూడండి చాలు," అన్నాడు. తెలుపు రెండు పూతలు. ఆరాక, ముగ్గురాయి పొడిలో ముంచిన దారం రెండు కొసలూ మా చేత పట్టించి, మధ్యలో తను లాగి వదిలాడు. రాకెట్ పొడుగునా సన్నటి గీత పడింది. ఆ గీత మీద "ఇండియా" ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని కింద ఒకటి. గుండ్రటి దాని మీద అక్షరం రాస్తే పక్క నుంచి చూసేవాడికి సన్నబడి కనిపిస్తుందట. అందుకని నిలువు గీతలు కాస్త లావు చేశాడు. స్కేలు వాడలేదు. ఎడమ చేతి చిటికెన వేలు రాకెట్‌కి ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగేవాడు. కుంచె ఎత్తాకే మాట.

ఇటుక రంగు దగ్గర పేచీ వచ్చింది. సారు ఇంకాస్త ఎరుపు కలపమంటాడు. మామయ్య వద్దంటాడు. "చెప్పినాయన ఇటుకన్నాడు. కాలిన ఇటుకా, కాలని ఇటుకా?" అని మామయ్య. చివరికి సారు మాటే నెగ్గింది. జీతం లేని పని, పైగా బడి. మామయ్య మొహం ముడుచుకునే ఆ పట్టీ వేశాడు.

మూడు ముక్కలుగా కట్టాం కాబట్టి నెల్లూరు పోవడం సాధ్యమైంది. ఆర్టీసీ బస్సు టాపు మీదికి ఎక్కించి, టార్పాలిన్ కప్పి, నలుగురం పైనే కూర్చోబోతే కండక్టర్ దించేశాడు. "ఇదేంది సార్, లగేజీ కొట్టాల్నా?" సారు సైన్స్ ఫెయిర్ ఉత్తరం చూపించాడు. కండక్టర్ అది చదివి, "మొన్న పడిపోయిందే, అదా?" అన్నాడు. జీఎన్‌టీ రోడ్డు మీద నాయుడుపేటలో, గూడూరులో బస్సు ఆగిన చోటల్లా అదే ప్రశ్న. గూడూరు దాటాక కండక్టరే జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. "పడితే ఏమైంది? మళ్ళా లేస్తది. మా బస్సు మాత్రం రోజూ ఆగడంల్యా?"

నెల్లూరులో ప్రైజు రాలేదు. రాకెట్‌ని నిలబెట్టడానికి హాలు పైకప్పు చాలక వరండా బయట, చెట్టు నీడన నిలబెట్టాం. వచ్చినవాళ్ళంతా ముందు దాని దగ్గరే ఆగారు. జడ్జీలు కూడా ఆగారు. "వర్కింగ్ మోడల్ కాదు కదా," అన్నారు. సోడా పొడి, నిమ్మరసంతో పొంగే అగ్నిపర్వతానికి మొదటి బహుమతి. ఇప్పటికీ సైన్స్ ఫెయిర్లలో ఆ అగ్నిపర్వతమే గెలుస్తోంది. కాకపోతే ఇప్పుడు దాన్ని అంగట్లో కొనుక్కొస్తున్నారు.

*

మరుసటి సంవత్సరం, 1994 అక్టోబర్ 15న, పీఎస్ఎల్‌వీ రెండోసారి ఎగిరింది. ఐఆర్ఎస్-పి2 అనే 804 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర బస్సులు దిగినవాళ్ళ గోల రైలు గేటు దాకా వినపడింది. మిఠాయి అంగట్లో లడ్డూలు అయిపోయి, మైసూరుపాకు కూడా అయిపోయింది.

దాంతో మా బడి అటక మీద పడుకున్న రాకెట్‌కి దశ తిరిగింది. జనవరి 26 ఊరేగింపులో పెట్టాలన్నారు. ట్రాక్టర్ ట్రాలీ మీద నిలబెట్టాం. ట్రాలీ ఎత్తు, పైన 4.4 మీటర్లు. బజారులో అడుగడుక్కీ కరెంటు తీగలు. ఎట్లా? ట్రాలీలో ఒక నిచ్చెన వేసి, దాని మీద మాలో సన్నటి వాణ్ణి ఎక్కించాం. తీగలు వచ్చినప్పుడల్లా వాడు పై ముక్కను పూర్తిగా ఊడబెరికి, గుండెకి హత్తుకుని వంగాలి. తీగ దాటాక మళ్ళీ పెట్టాలి. మొదటిసారి వాడు ముక్కు ఊడదీయగానే జనంలోంచి షార్ ఆయనెవరో, "హీట్ షీల్డ్ సెపరేటెడ్!" అని అరిచాడు. ఇక బజారు పొడుగునా అదే ఆట. ప్రతి తీగ దగ్గరా వందమంది ఒకేసారి అరవడం, చప్పట్లు. ముందు ఏడాది మా మీద నవ్విన అంగడివాళ్ళే చాక్లెట్లు విసిరారు. గడప దగ్గర నిలబడి చూసిన ఆయన ఆ రోజు కుటుంబంతో సహా మేడ మీద ఉన్నాడు. చెయ్యి ఊపాడో, ఎండకి అడ్డం పెట్టుకున్నాడో నాకు సరిగ్గా తెలియలేదు.

ఆ తర్వాత రాకెట్ ఎన్ని రోజులు ఉందో గుర్తులేదు. కింది దశకి చెదలు పట్టిందని, కాల్చేశారని విన్నాను. మైలుతుత్తం బొద్దింకలనైతే ఆపింది గానీ చెదల్ని ఆపలేదు. పక్క మోటార్లలో రెండింటిని మామయ్య తెచ్చుకుని, చుట్టిన బట్ట బ్యానర్లు పెట్టుకునేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక బ్యానర్లూ లేవు, బోర్డులూ లేవు. మామయ్య కుంచెలు పక్కన పెట్టి ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్నాడు. సాయిబు తాత పోయాక ఆ వీధిలో తాబూతులు కట్టేవాళ్ళు లేరు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏ రాకెట్‌కైనా కాగితం మోడల్ డిజైన్ దొరుకుతోంది. ప్రింట్ తీసి, కోసి, గీతల మీద మడిచి అతికించడమే. మా అమ్మాయి అమెరికా వాళ్ళ సాటర్న్-5 చేసింది, జానెడు ఎత్తు, ఎంత నాజూగ్గా ఉందో. అసలుది 110 మీటర్ల పైన. మా స్కేలులో కట్టాలంటే 11 మీటర్లు కావాలని నేను చెప్తే, "అంత పెద్దది ఎందుకు నాన్నా?" అంది. నాకు జవాబు తట్టలేదు.

మామయ్యకి మాత్రం ఆ రాకెట్ మీద ఇంకా తీరని లెక్క ఒకటి ఉంది. 2019లో షార్‌లో జనం కూర్చుని చూసేందుకు ఐదు వేల మంది పట్టే గ్యాలరీ తెరిచారు. అంతకుముందు పీఎస్ఎల్‌వీ 2008లో చంద్రయాన్‌ని మోసింది, 2013లో మంగళయాన్‌ని మోసింది, 2017లో ఒకేసారి 104 ఉపగ్రహాలు వదిలింది. ఇవన్నీ మామయ్య మేడ మీద నుంచే చూశాడు. గ్యాలరీకి మాత్రం కొడుకు చేత ఆన్‌లైన్‌లో పేరు రాయించుకుని, పాత బైనాక్యులర్స్ ఒకటి అరువు తీసుకుని పోయాడు. ఆ సాయంత్రమే ఫోన్. రాకెట్ ఎట్లా లేచింది, శబ్దం ఎట్లా వచ్చింది, ఒక్క మాట లేదు.

"అల్లుడూ, దగ్గర్నించి చూసినా. పెద్ద తెర మీద కూడా చూపించినారు. అది ఇటుక కాదురా, రాగి. నేను ఆ రోజే చెప్పినా మీ సారుకి, ఎరుపు ఎక్కువైతాదని. ఆయన నంబరు ఉంటే పంపించు."

నంబరు పంపాను. ఇద్దరూ మాట్లాడుకున్నారట. సారు ఇప్పటికీ ఒప్పుకోలేదట.